‘పడదు’ అన్న మాట

పాఠ్యభాగ ఉద్దేశం: ఆహారపు ఎలర్జీ గల పిల్లల విషయంలో పాఠశాలలోని తోటివారు, పెద్దలు వహించవలసిన బాధ్యతను తెలియజేయడం.

తెలుగువారి భోజనాల వేళ ‘పడదు’ అన్న మాట తరచుగా వినబడుతుంది. వంకాయ తింటే దురద పుట్టేవారూ ఆ మాటే అంటారు. కాకరకాయ రుచించనివారూ ఆ మాటే అంటారు. అందువల్ల ఒక పసివాడు “నాకు పల్లీలు పడవు” అన్నప్పుడు పెద్దలు దానిని మారాముగా భావించి, “ఒక్క ముద్దకు ఏమీ కాదులే” అని బుజ్జగిస్తారు. ఆ ఒక్క ముద్దే ప్రాణాపాయానికి కారణం కావచ్చు.

శరీరానికి సరిపడే ఆహారాన్ని ఆయుర్వేదం ‘సాత్మ్యం’ అన్నది. ఎలర్జీ కేవలం సరిపడకపోవడం కాదు. హాని చేయని మాంసకృత్తును శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా భ్రమించి ప్రతిఘటించడమే ఎలర్జీ. ఈ పదాన్ని 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే సృష్టించాడు. అంతకుముందే, 1902లో, ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియర్ దాని తీవ్రరూపానికి ‘అనఫిలాక్సిస్’ అని పేరు పెట్టారు.

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి పేటల్లో మధ్యాహ్నపు గంట మోగగానే పిల్లలు డబ్బాలు విప్పి ఒకరి కూర మరొకరికి పంచుతారు. ఈ స్నేహం ముచ్చటైనదే. కాని ఇడ్లీ చట్నీలో, గుత్తివంకాయలో, మిర్చీ సాలన్‌లో పల్లీలు, నువ్వులు కంటికి కనబడకుండా కలిసి ఉంటాయి. వేయించినంత మాత్రాన పల్లీల దోషం పోదు. పుట్టినరోజు కేకులో గుడ్డు, పాలు, గోధుమ ఉండవచ్చు. 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలను అనుసరించి పొట్లాలపై ఇటువంటి పదార్థాల పేర్లు ముద్రించాలి. ఇంటి డబ్బాకు ఆ చీటీ ఉండదు. “ఇది నీకు పడుతుందా?” అన్న ప్రశ్నే అక్కడ రక్ష.

తల్లిదండ్రులు వైద్యుని సూచనలను వ్రాతపూర్వకంగా పాఠశాలకు అందించాలి. తరగతి ఉపాధ్యాయునికే కాక, వంట చేసేవారికీ, వడ్డించేవారికీ ఆ సంగతి తెలియాలి. అటువంటి బాలుణ్ణి వేరుగా కూర్చోబెట్టి చిన్నబుచ్చరాదు. పంక్తిలోనే ఉంచి అతని కంచాన్ని కాపాడాలి.

తిన్న కొద్దిసేపటికే ఒంటిపై దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం, సొమ్మసిల్లడం వంటి లక్షణాలు పొడసూపితే నిమ్మరసంతోనో, దురద మాత్రతోనో కాలయాపన చేయరాదు. వెంటనే 108కు ఫోను చేయాలి. తీవ్రమైన ప్రతిచర్యకు మొదటి మందు తొడకు ఇచ్చే అడ్రినలిన్ సూది. వైద్యుడు దానిని ముందే సూచించి ఉంటే, శిక్షణ పొందినవారు ఆలస్యం లేకుండా ఇవ్వాలి. బాలుణ్ణి నడిపించరాదు, పడుకోబెట్టాలి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టాలి. లక్షణాలు తగ్గినా మళ్లీ తిరగబెట్టవచ్చు కనుక ఆసుపత్రికి తప్పక చేర్చాలి.

కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. వడ్డించేముందు అడగడం, ‘పడదు’ అన్న మాటను నమ్మడం అంతకు మించిన మర్యాద.

ప్రశ్నలు
1. ‘పడదు’ అన్న మాటను పెద్దలు తేలికగా తీసుకోవడానికి కారణమేమి?
2. ఇంటి డబ్బాకూ, దుకాణపు పొట్లానికీ గల భేదాన్ని వివరించండి.
3. మీ తరగతిలో ఒక విద్యార్థికి పల్లీలు పడవని తెలిస్తే మీరు తీసుకునే జాగ్రత్తలేవి?