మట్టిలో పొదుపు

జనగామ దగ్గర ఒక ఊరు. మాపటి వేళ. మహిళా సంఘం అక్కలు అరుగు మీద కూర్చున్నారు. పొదుపు లెక్కలు అయిపోయాయి. ఒక పెద్దమ్మ మడత పెట్టిన కాగితం తీసింది. ఆమె చదువు నేర్చుకొని ఏడాది అయింది. కూడబలుక్కుంటూ చదివింది.

"సేం-ద్రి-య క-ర్బ-నం. తక్కువ."

"ఏం కాగితం అక్కా అది?"

"మా చేను మట్టి పరీక్ష కాగితం. మా ఇంటాయన సూర్ల చెక్కిండు. ఇన్నాళ్లు ఎవలూ చదవలే. నేనే చదివిన. గానీ ఈ కర్బనం అంటే ఏందో తెల్వదు."

అక్కడ ఎవరికీ తెలియదు. మర్నాడు అందరూ కలిసి రైతు వేదికకు పోయారు. వ్యవసాయ విస్తరణ అధికారిణిని అడిగారు. ఆమె ఇలా చెప్పింది.

కర్బనం అంటే ఏమిటి?

కట్టె కాలితే బొగ్గు మిగులుతుంది. బొగ్గులో ఎక్కువ భాగం కర్బనమే. భూపాలపల్లి గనుల్లో తవ్వే బొగ్గూ అంతే. కోట్ల ఏండ్ల కింద చెట్లు నేలలో కూరుకుపోయి బొగ్గుగా మారాయి. ఆ బొగ్గును కాల్చి చెల్పూరులో కరెంటు తీస్తారు. కాలిన కర్బనం బొగ్గుపులుసు వాయువు అయి గాలిలో కలుస్తుంది. అది ఎక్కువైతే భూమి వేడెక్కుతుంది. వానలు అదను తప్పుతాయి.

మరి దాన్ని కిందికి దించేది ఎవరు? పచ్చని ఆకు. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. ఎండతో, నీటితో తన తిండి తానే తయారు చేసుకుంటుంది. అందులో కొంత వేర్లకు పంపుతుంది. పాత వేర్లు కుళ్లినప్పుడు కర్బనం మట్టిలో చేరుతుంది. ఆ మట్టి గుల్లబారుతుంది. వాన నీటిని పట్టి ఉంచుతుంది. వానపాములు పెరుగుతాయి.

వంద కిలోల మట్టిలో కనీసం అర కిలో కర్బనం ఉండాలి. అంతకు తగ్గితే కాగితం మీద 'తక్కువ' అని రాస్తారు. మన ఎర్ర చల్క నేలల్లో చాలా చోట్ల తక్కువే ఉంటుంది.

ఎందుకు తగ్గింది?

పెద్దమ్మ ఆలోచించింది. "మాకు రెండు బర్రెలుండె. పోయిన ఎండకాలం మేత దొరకలే. ఒకదాన్ని అంగడిల అమ్మినం. పెంటకుప్ప సగమైంది. చేనుకు పెంట తోలుడు తగ్గింది. యూరియా బస్తాలు పెరిగినయి" అన్నది.

చూశారా అక్కల్లారా! గడ్డి లేక బర్రె పోయింది. బర్రె పోయి పెంట పోయింది. పెంట పోయి మట్టి సత్తువ పోయింది. పత్తికట్టె, వరికొయ్యలు తగలబెడితే మట్టికి చేరాల్సింది పొగ అయి పోతుంది.

మనం ఏం చేయవచ్చు?

ఒకటి: స్టైలో గడ్డి వేసుకోవచ్చు. ఇది పప్పుజాతి మేత. ఎర్ర నేలలో, వాన నీటితోనే పెరుగుతుంది. గాలిలోని నత్రజనిని కూడా నేలకు ఇస్తుంది. ఒకసారి వేస్తే రెండు మూడేండ్లు ఉంటుంది. ఏటేటా దున్నే పని లేదు. దాని గింజ పైతోలు గట్టిది. మరగకముందే దించిన వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచాలి. తర్వాత రాత్రంతా చల్లనీళ్లలో నానబెట్టాలి. ఆరబెట్టి తొలకరిలో చల్లాలి. మొదటి ఏడాది నిదానంగా పెరుగుతుంది. తొందరపడి పీకేయకండి.

రెండు: వరి కోశాక తేమ ఉండగానే పిల్లిపెసర చల్లవచ్చు. కొంత పశువుకు కోయండి. మిగిలింది మట్టిలో కలియదున్నండి.

మూడు: పంట లేని రోజుల్లో చేనులో గొర్ల మంద పెట్టించండి. పెంట, మూత్రం రెండూ నేలకే చేరతాయి. ఇది మన పెద్దల పద్ధతే.

నాలుగు: బంచరాయిని కాపాడుకోవాలి. మహబూబాబాద్ జిల్లా గూడూరు, కొత్తగూడ వైపు పశువులు అడవి అంచున కూడా మేస్తాయి. ఎక్కడైనా లెక్క ఒక్కటే. గడ్డిని నేలబారుగా మేపితే పైన ఆకు ఉండదు. వేరుకు తిండి అందదు. వేరు కురచబారుతుంది. వానకు మట్టి కొట్టుకుపోతుంది. అందుకే మేత నేలను నాలుగు భాగాలు చేసుకోవాలి. ఒక దాంట్లో మేపితే మూడు కోలుకుంటాయి. తొలి వానలకు గడ్డి జానెడు ఎదిగేదాకా మందను తోలవద్దు. కానీ ఇది ఒక్క ఇంటితో అయ్యేది కాదు. గొర్ల కాపరులతో, ఊరి అందరితో కూర్చొని మాట్లాడుకోవాలి.

జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలో ఏనబావి ఉంది. 2006 నాటికే ఆ ఊరు రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసింది. పశువుల పెంట, చెరువు మట్టి, పచ్చిరొట్టతో పంటలు పండించింది. ఊరంతా ఒక్క మాట మీద నిలబడితేనే అది అయింది.

ఎన్నాళ్లు పడుతుంది?

ఎకరంలో అరడుగు లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. వంద కిలోల మట్టికి 100 గ్రాముల కర్బనం పెంచాలంటే ఎకరానికి 900 కిలోలు చేరాలి. దానికి ఏండ్లు పడుతుంది. ఇది కూడా మన పొదుపు లాంటిదే. చేరడం నిదానం. పోవడం తొందర.

పెద్దమ్మ ఇంటికి పోయి భర్తతో అన్నది: "అయిదు గుంటలు గడ్డికి ఇడువు."

"గడ్డి ఏస్తే పైసలొస్తయా?" అన్నాడు ఆయన.

"రెండో బర్రెను గూడ అమ్మేది లేకుంట అయితది. గది పైస గాదా?" అన్నది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, గట్టు పక్కన ఎయ్యి" అన్నాడు.

పెద్దమ్మ ఆ కాగితాన్ని మళ్లీ సూర్ల చెక్కలేదు. గోడకు అంటించింది. కింద గింజ చల్లిన తేదీ తన చేత్తో రాసింది. మళ్లీ మట్టి పరీక్ష చేయించినప్పుడు పక్కన పెట్టి చదువుతుంది.

మాట్లాడుకోండి

1. మీ చేను మట్టి పరీక్ష కాగితం ఎక్కడుంది? అందులో సేంద్రియ కర్బనం ఎంత ఉంది?

2. మీ ఊరి బంచరాయి ఎంత? ఇప్పుడు ఎంత మిగిలింది?

3. స్టైలో గింజ ఎకరానికి 4 కిలోలు చల్లాలి. ఎకరానికి 40 గుంటలు. 5 గుంటలకు ఎంత గింజ కావాలి?