నీళ్లతో మైలేజీ పెరుగుతుందా?

ప్రశ్న: మాది ఖరగ్‌పూర్ తాల్‌బగీచా. రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాను. నా పాత డీజిల్ అంబాసిడర్‌కి స్టీలు పలకలు, కాస్టిక్ పొటాష్ నీళ్లతో హైడ్రోజన్ డబ్బా చేసి పెడదామనుకుంటున్నాను. డీజిల్ కలిసొస్తుందా?

జవాబు: మీ చేతిపనికి నమస్కారం. కానీ లెక్క కుదరదండీ. ఆరు సెల్స్ డబ్బా 20 ఆంపియర్లు లాగితే సుమారు 275 వాట్ల కరెంటు కావాలి. దాన్ని ఆల్టర్నేటర్ ఇవ్వాలంటే ఇంజన్ గంటకు దాదాపు 150 మిల్లీలీటర్ల డీజిల్ అదనంగా తాగుతుంది. తిరిగొచ్చే హైడ్రోజన్ శక్తి 15 మిల్లీలీటర్ల డీజిల్‌కి సమానం. రూపాయి పెట్టి పది పైసలు ఏరుకున్నట్టు.

హర్యానాలో జింద్-సోనీపత్ మార్గానికి ఎంచుకున్న హైడ్రోజన్ రైలు మాటేమిటంటారా? ఆ హైడ్రోజన్ బయట ప్లాంటులో తయారవుతుంది, రైలు తన ఇంజన్‌తో తాను చేసుకోదు.

ప్రమాదమూ తక్కువేం కాదు. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది, పగటి వెలుగులో మంట కనిపించదు. మీ డబ్బాలో ఆక్సిజన్ కూడా కలిసే వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కాస్టిక్ పొటాష్ కళ్లలో పడితే చూపే పోవచ్చు. పైగా అనుమతి లేకుండా బండిని మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం.

ఆ డబ్బుతో ఇంజెక్టర్లు పరీక్ష చేయించండి, ఎయిర్ ఫిల్టర్ మార్చండి, టైర్లలో గాలి సరిచూసుకోండి. కలిసొచ్చేది అక్కడే.