రక్తం పలచన మాత్ర దుకాణంలో ఆగిపోతే



వైద్య సహాయం కోసం మన సొసైటీకి వచ్చేవారిలో కొందరి కష్టం వేరుగా ఉంటుంది. వాళ్ల చేతిలో ఈ నెలకు సరిపడా డబ్బు ఉంటుంది, చీటీ ఉంటుంది, మందు మాత్రం దొరకదు. "ఆ కంపెనీ మాల్ ఆగిపోయింది, ఇంక రాదు" అని దుకాణంలో చెప్పి పంపేస్తారు. అది తలనొప్పి మాత్ర అయితే ఇంకోటి తెచ్చుకుంటాం. గుండెలో లోహపు కవాటం పెట్టించుకున్నవారు రోజూ వేసుకునే రక్తం పలచన మాత్ర అయితే, నాలుగు రోజుల ఆలస్యం కూడా పక్షవాతానికి దారి తీయవచ్చు. విడపనకల్లు నుంచి గుంతకల్లుకు, ఉరవకొండకు, బళ్లారికి ఆ పేరున్న స్ట్రిప్ కోసమే తిరిగితే ఆ నాలుగు రోజులు ఇట్టే గడిచిపోతాయి. మీరిచ్చే పైకం ఇలాంటి రోగికి ఎక్కడ అక్కరకొస్తుందో దాతలకు తెలియాలని ఈ పాఠం రాస్తున్నాం.

చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, సరైన మందు పడక, తర్వాత కీళ్లవాతం వచ్చి గుండె కవాటాలు చెడిపోవడం బీద ఇళ్లలో ఎక్కువ. ఆపరేషన్‌కు ఇప్పుడు దారులున్నాయి. 1991లో మొదలైన పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది, బెంగళూరు జయదేవ ఉంది, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఉంది. ఆపరేషన్ ఒక్కరోజు పని. మాత్ర జీవితాంతం. మనవాళ్లు చందాలు వేసుకుని ఆపరేషన్‌కు పంపుతారు గాని, పదేళ్ల తర్వాత ఆ మనిషి మాత్ర ఎలా కొంటున్నాడో అడిగేవారు తక్కువ.

ముందుగా ఒక మాట. ఈ మాత్ర నిజానికి రక్తాన్ని నీళ్లలా పలచన చేయదు. గడ్డకట్టే వేగాన్ని తగ్గిస్తుంది. మన దగ్గర ఎక్కువగా రాసేవి వార్ఫరిన్, అసినోకుమరాల్. వార్ఫరిన్ పుట్టుక వింతగా ఉంటుంది. అమెరికాలో బూజు పట్టిన గడ్డి తిన్న పశువులు లోపల రక్తస్రావమై చనిపోతుంటే, కారణం వెతుకుతూ విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు చివరికి దీన్ని తయారుచేశారు. 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకు వాడుతున్నారు. ఇంత పాత మందు మీద ఇప్పుడు ఎవరికీ పేటెంటు లేదు. అందుకే చవక. చవక కాబట్టి కంపెనీకి లాభమూ తక్కువే.

2020లో బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ కంపెనీ తన పేరున్న వార్ఫరిన్ బ్రాండు కుమాడిన్‌ను అమెరికా, కెనడా, లాటిన్ అమెరికా దేశాలు, సౌదీ అరేబియాలలో ఆపేసింది. తయారీలో అనుకోని సమస్య వచ్చిందని, మందులో లోపం లేదని చెప్పింది. సౌదీలో పనిచేసే మనవాళ్లు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఆగిపోయింది ఆ పేరు మాత్రమే. వార్ఫరిన్ వేరే కంపెనీల పేర్లతో వస్తూనే ఉంది.

కాబట్టి రోగి ఇంటివాళ్లకు మేము మొదట చెప్పేది, ఖాళీ స్ట్రిప్ పారేయవద్దని. పెద్ద అక్షరాల పేరు కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని జన ఔషధి కేంద్రంలోను, ప్రభుత్వ ఆసుపత్రి ఫార్మసీలోను అడగాలి. జన ఔషధి సుగమ్ యాప్‌లో దగ్గరి కేంద్రమూ ధరా చూసుకోవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలకు ఇది ఐదు నిమిషాల పని. వార్ఫరిన్ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, గరిష్ఠ ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఇలాంటి మందును ఆపాలనుకునే కంపెనీ 2013 ధరల ఉత్తర్వు ప్రకారం ఆరు నెలల ముందే బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ప్రజలకు అవసరమనుకుంటే మరో ఏడాది దాకా తయారీ కొనసాగించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. మందు దొరకడం లేదని ఫార్మా జన్ సమాధాన్‌లో ఎవరైనా ఫిర్యాదు పెట్టవచ్చు.

ఇక ప్రమాదం ఉన్న చోటు. వార్ఫరిన్ లేదని అసినోకుమరాల్‌ను అదే మిల్లీగ్రాముల్లో వేసుకోకూడదు. అది దాదాపు రెట్టింపు బలం గలది, రక్తస్రావం కావచ్చు. "ఇదీ పలచన మాత్రే" అని ఆస్పిరిన్ ఇస్తే అది కవాటాన్ని కాపాడలేదు. మూడోది, మంచి మనసుతో జరిగే పొరపాటు: ఖరీదైన కొత్త మందు కొనిపెట్టడం. రివరాక్సబాన్ పేటెంటు మన దేశంలో 2020 చివర ముగిశాక ఎన్నో కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర దిగింది. కాలి సిరల్లో గడ్డ కట్టినవారికి, కవాటం జబ్బు లేకుండా గుండె లయ తప్పినవారికి డాక్టరు చెబితే అది మంచి దారే. లోహపు కవాటం ఉన్నవారికి మాత్రం పనికిరాదు. ఈ కోవలోని డాబిగట్రాన్‌ను అలాంటి రోగులపై పరీక్షిస్తే గడ్డలూ రక్తస్రావమూ ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. కీళ్లవాతపు గుండెజబ్బుతో లయ తప్పినవారిని 24 దేశాల్లో 4,500 మందికి పైగా పరిశీలించి 2022లో ప్రకటించిన ఇన్‌విక్టస్ అధ్యయనంలోనూ రివరాక్సబాన్ కంటే పాత మందులే మెరుగని తేలింది. ఈ రోగుల విషయంలో చవక మాత్రే సరైన మాత్ర.

అయితే ఖర్చు ఎక్కడుంది? ఐ.ఎన్.ఆర్. అనే రక్త పరీక్షలో ఉంది. మామూలు మనిషికి అది ఒకటి దగ్గర ఉంటుంది. లోహపు కవాటం ఉన్నవారికి 2 నుంచి 3.5 మధ్య ఎక్కడ ఉండాలో డాక్టరు చెబుతాడు. కంపెనీ మారినా, మందు మారినా వారం పది రోజుల్లో ఈ పరీక్ష చేయించాలి, తేడా ఉంటే మళ్లీ చేయించాలి. పరీక్ష రుసుము, బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి కలిపితే మాత్రల ఖర్చును మించిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో చార్జీ తప్పింది, మగవాళ్లకు తప్పలేదు. శనగ కోతల వేళ పరీక్ష పేరుతో కూలి పోగొట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. పరీక్ష వాయిదా పడేది అక్కడే. అందుకే "మాత్రలకు" అని రాసి ఇచ్చే దాతలను, "మాత్రలకు, పరీక్షకు, దారి ఖర్చుకు" అని రాయమని కోరుతున్నాం.

ఇందులో జకాత్ ప్రశ్న వస్తుంది. జకాత్ సొమ్ము బీదవాడి సొంతం కావాలని హనఫీ ఉలమాల మాట. మాత్రలు కొని రోగి చేతికిస్తే సరిపోతుంది. ల్యాబుకు మనమే నేరుగా కడితే ఆ షరతు తీరదు. పైకం రోగికే ఇవ్వాలి, లేదా తన తరఫున కట్టమని రోగి మనకు అనుమతి ఇవ్వాలి. సదఖా సొమ్ముకు ఈ చిక్కు లేదు కనుక పరీక్షల ఖర్చు అందులోంచి పెట్టడం సులువు.

మాత్ర మానేసి ఏదైనా ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ పంది పేగుల నుంచి తీస్తారని తెలిసి కొందరు వద్దంటున్నారు. వార్ఫరిన్ మందు రసాయనికంగా తయారైనదే, దానిపై ఆ సందేహం అక్కర్లేదు. హెపారిన్ విషయంలో, ప్రాణావసరం ఉండి వేరే దారి లేనప్పుడు అనుమతి ఉందని ఉలమాలు చెబుతారు. కృత్రిమంగా తయారైన ఫోండాపరినక్స్ తనకు సరిపడుతుందా అని డాక్టరును ముందే అడగవచ్చు.

గోంగూర, మునగాకు, పాలకూర మానేయనక్కర్లేదు. వారమంతా మానేసి ఒకరోజు కడుపునిండా తింటేనే లెక్క తప్పుతుంది, ఎప్పుడూ తినే కొలతలోనే తినాలి. రంజాన్‌లో రోజా ఉండవచ్చా అని డాక్టరును అడిగి, ఉండవచ్చంటే మాత్రను ఇఫ్తార్ తర్వాత రోజూ ఒకే వేళకు పెట్టుకోవాలి. ఒకరోజు మరచిపోతే, మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు.