అల్లుడి కారుకు షాకప్‌లు

ఉట్నూర్

 

నువ్వు పంపిన మూడు షాకప్ కొటేషన్లూ చూశాను. ఒకటి జర్మనీ కేడబ్ల్యూ వాళ్ల వేరియంట్ త్రీ, ఇంకొకటి స్వీడన్ ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్, మూడోది నూనె డబ్బా విడిగా వేలాడే త్రీ-వే రేసు సెట్టు. మూడోదాని ధర మొదటిదానికి మూడింతలుంది. "పైసల సంగతి వదిలేయ్ మామా, ఏది బెస్టో చెప్పు" అని రాశావు.

సూటిగా చెప్తాను. త్రీ-వే నీకొద్దు. వేరియంట్ త్రీ లాంటి టూ-వే, అంటే సర్దుకునే మీటలు రెండుండేది, తీసుకో, స్ప్రింగులు నువ్వనుకున్నదానికంటే ఒక మెట్టు మెత్తవి అడుగు, మిగిలిన పైసలు టైర్లకూ ట్రాక్ ఫీజులకూ పెట్టు. నీ 718 కేమన్ కారు ఏడాది పొడుగునా ఎక్కడ తిరుగుతుందో నువ్వే రాశావు కదా. రెండు మూడు నెలలకోసారి ట్రాక్, మిగతా రోజుల్లో హైదరాబాద్ సడకులు, పండుగలకు ఉట్నూర్. ఆ మూడింట్లో దేన్నీ వదులుకోనని కూడా అన్నావు. నా లెక్కంతా ఆ మాట మీదే నడుస్తుంది.

మొదట షాకప్ ఏం చేస్తుందో మనసులో పెట్టుకో. కారు బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఒకసారి నొక్కుకుందంటే ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపును చంపేదే షాకప్. పాత బస్సుల కమాన్ పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుని తమ ఊపును తామే కొంత మింగేవి. చుట్ల స్ప్రింగుకు ఆ గుణం లేదు, మొత్తం భారం షాకప్ మీదే పడుతుంది. లోపల పిస్టనుకు సన్నటి దారులుంటాయి, వాటిమీద పల్చటి ఉక్కు బిళ్లలు పేర్చి ఉంటాయి. నూనె ఆ బిళ్లల్ని వంచుకుంటూ దాటాలి. చక్రం పైకి లేస్తున్నప్పుడు పడే అడ్డును కంప్రెషన్ అంటారు, తిరిగి కిందికి దిగుతున్నప్పటిది రీబౌండ్.

ఇక లో స్పీడ్, హై స్పీడ్. కారు వేగమనుకుని చాలామంది ఇక్కడే తప్పుదారి పడతారు. అది పిస్టన్ వేగం. నున్నటి ట్రాక్ మీద నూట యాభైలో స్టీరింగ్ తిప్పావనుకో, కారు మెల్లగా ఒక పక్కకు వాలుతుంది, పిస్టన్ సెకనుకు కొన్ని సెంటీమీటర్లే కదులుతుంది. అది లో స్పీడ్. ఇటు మా ఊరికి వచ్చేప్పుడు ఇంద్రవెల్లి దాటాక పెయింటు పోయిన స్పీడ్ బ్రేకర్ మీదికి ముప్పైలో ఎక్కావనుకో, అది హై స్పీడ్. త్రీ-వేలో మూడో మీట ఈ రెండో రకం దెబ్బ కోసమే. ట్రాక్ అంచున ఎరుపు తెలుపు కర్బుల మీదికి చక్రం ఎక్కించి సెకనులో పదో వంతు కోసం కొట్లాడేవాడికి అది కావాలి. ఆ తేడా పట్టుకోవాలంటే ప్రతి ల్యాపూ ఒకేలా నడపగలగాలి, పక్కన డేటా చూసే ఇంజినీరు ఉండాలి. నీకింకా ల్యాపుకూ ల్యాపుకూ నడుమ రెండు సెకన్ల తేడా వస్తోందని నువ్వే చెప్పావు. ఆ రెండు సెకన్లలో మీట ఒక్క క్లిక్కు తిప్పిన తేడా నీకెట్లా దొరుకుతుంది?

మీటల లెక్క కంపెనీకో తీరుగా ఉంటుంది. ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్‌కు ఒక్కటే మీట. దాన్ని తిప్పితే కంప్రెషన్, రీబౌండ్ రెండూ కలిసి కదులుతాయి. కానీ దాని వాల్వు గట్టి దెబ్బ తగిలినప్పుడు అటూ ఇటూ రెండు దిక్కులా నూనెను వదిలేస్తుంది, అందుకే గతుకుల మీద చక్రం నేలను వదలదు. 1976లో కెంట్ ఓలిన్ అనే మోటోక్రాస్ రేసర్ పెట్టిన కంపెనీ అది, ఇప్పుడు బ్రేకుల కంపెనీ బ్రెంబో చేతిలో ఉంది. బిల్‌స్టైన్ బీ16లో కూడా పది మెట్ల ఒకే మీట, రెండూ కలిసే మారతాయి. కేడబ్ల్యూ వేరియంట్ త్రీలో రెండూ వేర్వేరు, రీబౌండ్ పైన, కంప్రెషన్ కింద. నేర్చుకునేవాడికి ఈ వేరు చాలా మేలు చేస్తుంది. ఒకటి కదిపి, రెండోది కదపకుండా, ఏది ఏం చేసిందో వేరుగా తెలుసుకోవచ్చు. నేను టూ-వే అనడానికి పెద్ద కారణం ఇదే. ఓలిన్స్ కొన్నా నేను కాదనను, గతుకుల మీద బహుశా అదే మెత్తగా పోతుంది. కేడబ్ల్యూ గొట్టం స్టెయిన్‌లెస్ స్టీలుది, మన వానాకాలపు బురదలో దాని మరలు తుప్పు పట్టవు, అది కూడా నా తూకంలో ఉంది.

స్ప్రింగుల దగ్గర జర లెక్క వేద్దాం. వేరే వాళ్లు "గట్టిగా ఉండాలి అన్నా" అంటే సరేనని వేయించుకునేది కాదిది. నీ కారుకు ఇంజిను నడుమన, వెనక్కి ఉంది. నువ్వు కూర్చున్నాక వెనక ఒక్కో స్ప్రింగు మీద సుమారు 350 కిలోలు పడతాయనుకో. ముందూ వెనకా రెండూ స్ట్రట్లే, అంటే స్ప్రింగు షాకప్ చుట్టూనే ఉంటుంది, కాబట్టి స్ప్రింగు గట్టిదనం దాదాపు అట్లనే చక్రం దాకా చేరుతుంది. మిల్లీమీటరుకు 40 న్యూటన్ల స్ప్రింగు వేస్తే ఆ మూల సెకనుకు 1.7 సార్లు ఊగుతుంది. 80 వేస్తే 2.4 సార్లు. మామూలు ఇంటి కార్లు ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉంటాయి. రెండు దాటితే రేసు బండి లోకం. స్ప్రింగు రెట్టింపైతే ఊపు రెట్టింపు కాదు, వర్గమూలం లెక్కన పెరుగుతుంది, కానీ నీ నడుముకు మాత్రం రెట్టింపే అనిపిస్తుంది. రేసు సెట్టు వాడు నీకు రాసిచ్చింది ఆ 80 రకమే. నీకు 1.8, 1.9 దగ్గర ఆగేది చాలు. అడిగితే స్ప్రింగులు మార్చి ఇస్తారు, కానీ ఆ స్ప్రింగుకు తగ్గట్టు వాల్వింగ్ కూడా మార్చమను. గట్టి స్ప్రింగుకు సరిపడా పేర్చిన బిళ్లలు మెత్తటి స్ప్రింగు కింద కారును బిగబట్టేస్తాయి.

ఇంటి తొవ్వ సంగతికి వస్తాను. నిర్మల్ దాకా 44వ నంబరు హైవేకు వంక పెట్టేది లేదు. అక్కడ దిగి ఖానాపూర్ మీదుగా అడవిలోకి వచ్చినా, పైకి పోయి గుడిహత్నూర్ నుంచి ఇంద్రవెల్లి మీదుగా వచ్చినా, సడకు కింద చాలాచోట్ల నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, పైనున్న తారు అలలు అలలుగా లేస్తుంది. గుంత కనిపిస్తే బ్రేకు వేస్తాం, అల కనిపించదు. రీబౌండ్ ఎక్కువ బిగించిన కారు ఇట్లాంటి అలల మీద ఒక అలకు కిందికి నొక్కుకుని, పైకి లేచేలోపే రెండో అల వచ్చి ఇంకా కిందికి దిగుతుంది. నాలుగైదు అలలయ్యేసరికి స్ప్రింగుకు కదలడానికి చోటుండదు, బంప్ స్టాపు మీద కూర్చుని కారు గంతులేస్తుంది. ట్రాక్‌లో బాగుందని బిగించి అట్లనే ఊరికి బయలుదేరకు. టూ-వేలో ఈ సౌకర్యం ఉంది, పెట్రోలు బంకులో ఆగి రెండు నిమిషాల్లో పైమీట వదులు చేసుకోవచ్చు. కేస్లాపూర్ నాగోబా జాతరకు వస్తానన్నావు, ఆ రోజుల్లో అక్కడి సడకు మీద మనుషులే మనుషులు, మెల్లగా రావడం తప్ప వేరే సెట్టింగు అక్కర్లేదు.

ఎత్తు తగ్గించడం మీద నీ మోజు నాకు తెలుసు. ఫొటోలో బాగుంటుంది. కానీ స్ట్రట్ ఉన్న కారును ఎక్కువ కిందికి దించితే రోల్ సెంటర్, అంటే కారు పక్కకు వాలే ఇరుసు, కారు ఎత్తు కంటే ఎక్కువగా కిందికి పోతుంది, అంటే తక్కువెత్తు కారు ఇంకా ఎక్కువ వాలుతుంది. పావు అంగుళం, మహా అయితే అర అంగుళం. అంతకుమించి వద్దు. కొనేముందు ఇంకో మాట అడుగు, ఎత్తు మార్చేది స్ప్రింగు కింది పళ్లెమా, లేక కింది గొట్టమా అని. పళ్లెం దించితే షాకప్ ప్రయాణం తగ్గిపోతుంది. గొట్టం వేరుగా తిరిగేదైతే ప్రయాణం అట్లనే ఉంటుంది.

ఇక ట్రాక్‌ల సంగతి. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు నువ్వు స్టాండ్లో ఉన్నావు కదా. అది ఊరి వీధులకు గోడలు కట్టి వేసిన 2.8 కిలోమీటర్ల దారి, రేసయ్యాక మళ్లీ ట్రాఫిక్కే. నువ్వు తిరగాల్సింది చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గరి కరి స్పీడ్‌వేలో. సెలవు దొరికితే గ్రేటర్ నోయిడాలో. మొదటిది 3.7 కిలోమీటర్లు, వేగంగా పారే మలుపులు. కరి 2.1 కిలోమీటర్లే, అన్నీ ఇరుకు మలుపులు, బరువు అటూ ఇటూ మారుతూనే ఉంటుంది. నోయిడా బుద్ధ్ సర్క్యూట్ 5.1 కిలోమీటర్లు, కిలోమీటరు పైన స్ట్రెయిటు, దాని చివర బ్రేకు. మూడుచోట్లా ఒకే సెట్టింగు పనికిరాదు. మీటలు ఉండటంలో అసలు లాభం అక్కడే ఉంది.

కరి అన్న పేరు కరివర్ధన్ గారిది. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ తెలుగు కుటుంబం వాళ్లది. మారుతి 800 ఇంజిను పెట్టి ఫార్ములా మారుతి అనే చవక రేసు కారు చేయించి కుర్రాళ్ల చేతికిచ్చాడు. 1995లో పోయాడు. నరైన్ కార్తికేయన్ మొదలెట్టింది ఆ కార్లలోనే, 2005లో ఫార్ములా వన్ దాకా పోయాడు. అందరికీ ఒకే రకం కారు కాబట్టి ఎవడు బాగా నడిపాడో దాచడానికి చోటుండేది కాదు. నీ మూడు కొటేషన్లు చూసినప్పుడు నాకు కరివర్ధనే గుర్తొచ్చాడు. రేసు సెట్టుకూ టూ-వేకూ ఉన్న ధర తేడాతో నువ్వు రెండేళ్లు ట్రాక్ డేలకు పోవచ్చు, పక్క సీట్లో కోచ్‌ను కూర్చోబెట్టుకుని.

నీది పీఏఎస్ఎం ఉన్న కారు, అంటే ఎలక్ట్రానిక్ షాకప్‌లు. మామూలు సెట్టు వేస్తే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. దాన్ని ఆర్పే చిన్న మాడ్యూలు సెట్టుతో వస్తుందో లేదో ముందే రాయించుకో. క్యాంబర్ ప్లేట్లు మాత్రం తప్పనిసరి. ముందు చక్రాలకు కంపెనీ ఇచ్చిన వాలు ట్రాక్‌కు చాలదు, టైరు బయటి అంచు రెండు ట్రాక్ డేలకే అరిగిపోతుంది. పాత షాకప్‌లూ స్ప్రింగులూ ఎవరికీ అమ్మకు. కంపెనీ నమూనాకు తేడాగా బండి మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఆర్టీఏ వాళ్లు పట్టుకుంటే, ఇన్సూరెన్సు వాళ్లు అడిగితే తిరిగి బిగించడానికి అసలువి ఇంట్లో ఉండాలి. నీ పాలసీ కాగితం వెనక చదువు, రేసింగుకూ స్పీడ్ టెస్టింగుకూ వర్తించదని రాసి ఉంటుంది.

బిగించాక ట్రాక్ మీద మొదటి సెషన్‌లో మీటలు ముట్టకు. రెండూ నడుమన పెట్టు. పూర్తిగా బిగించిన దగ్గరి నుంచి ఎన్ని క్లిక్కులు వదిలావో లెక్కపెట్టి పుస్తకంలో రాసుకో. వదులు చివర నుంచి ఎప్పుడూ లెక్కపెట్టకు, ఆ చివర ఒక్కో షాకప్‌కు ఒక్కోచోట ఉంటుంది. మొదట వేడి టైర్ల గాలి సరిచూడు. షాకప్ తప్పని నీకు అనిపించే వాటిలో సగం గాలి తప్పులే. రెండో సెషన్‌లో రీబౌండ్ ఒక్కటే, నాలుగు క్లిక్కులు ఒకేసారి కదుపు. ఒక్క క్లిక్కు నీకు తెలియదు. కారు మలుపు మధ్యలో తేలినట్టుంటే బిగించు, వెనక చక్రం జారుతూ గంతులేస్తే వదులు చెయ్యి. కంప్రెషన్ ఆ తర్వాత.

అమ్మేవాణ్ని అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. నాలుగు షాకప్‌లకూ విడివిడిగా, మిషను మీద పరీక్షించి గీసిన డైనో గ్రాఫు ఇవ్వమను, ఎడమ కుడి గీతలు ఒకదానిమీద ఒకటి పడాలి. ఇవ్వనంటే అక్కడ కొనకు. రెండోది, సీలు కారితే విప్పి, నూనె మార్చి, నైట్రోజన్ నింపి కట్టేవాడు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉన్నాడా, లేక ఓడెక్కి జర్మనీ పోవాలా? ఎంత గొప్ప షాకప్ అయినా ట్రాక్ వేడికీ మన దుమ్ముకూ ఒక నాటికి సీలు పోతుంది, అది బాగై తిరిగొచ్చేదాకా కారు జాకీల మీద నిలబడుతుంది. నా చేతుల మీదుగా ఎన్నో విప్పాను కానీ ఉట్నూర్‌లో నైట్రోజన్ గేజి లేదు, నన్ను నమ్ముకోకు.

పైసలు కట్టేముందు కారును నాలుగు తూకం ప్లేట్ల మీద నిలబెట్టి, ట్యాంకు సగం నింపి, నువ్వు సీట్లో కూర్చుని మూలకెంత బరువు పడుతోందో రాయించు. ఆ కాగితం ఫొటో, డైనో గ్రాఫులు, స్ప్రింగు నంబర్లు నాకు పంపు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి, ఇక్కడ సిగ్నల్ అప్పుడే బాగుంటుంది. అక్కకు నేను అడిగానని చెప్పు.

మీ మామ