మోటారుబండి రేకునకు మాసిక వేయుట

కామాఠీపురా వీధులలోను, వర్లీ చాల్‌లలోను పెరుగు మన పిల్లలలో నలుపు పసుపు టాక్సీ నెరుగనివారుండరు. ఆ టాక్సీలలో చిరకాలము పేరు గాంచినది ప్రీమియర్ పద్మిని. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాపై కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారమున నది తయారైనది. 2023 అక్టోబరు 30 నుండి ముంబయి టాక్సీలలో ఆ బండి లేదు. అయినను ముచ్చటపడి దానిని కాపాడుకొనువారు నేటికిని గలరు. అట్టి పాతబండికి క్రొత్తరేకు నెట్లతుకుదురో, అందు దాగిన శాస్త్రమేమో తెలిసికొందము.

ఇనుము నీటితోను, గాలిలోని ఆమ్లజనితోను కలిసి త్రుప్పగును. ఉప్పు దానిని త్వరపెట్టును. మన నగరమునకు సముద్రపు గాలియు, ఏటా రెండువేల మిల్లీమీటర్లకు మించిన వానయు గలవు. కావున బురద నిలుచు నేలరేకు, తలుపుక్రింది గడపరేకు మొదట చెడును. లారీకి క్రింద వేరుగా చట్రముండును. పద్మినికి అట్లు లేదు. రేకులన్నియు ఒకటిగా అతికిన ఆ పెట్టెయే బరువు మోయును. చిల్లులో కాగితము కుక్కి, పైన పుట్టీ మెత్తి రంగు పూసినచో చూపునకు నిండుగానే యుండును. కాని బండి దేనినైనను ఢీకొన్ననాడు ఆ గడప లోపలివారిని కాపాడజాలదు. కనుక ఈ పని అందమునకు మాత్రమే గాక ప్రాణరక్షణకును సంబంధించినది.

చిరిగిన చీరకు మాసిక వేయునపుడు మన తల్లులు చివికిన అంచును కత్తిరించి, గట్టిబట్ట దొరకువరకు పోయి కుట్టుదురు. రేకునకును అదే న్యాయము. సుత్తితో తట్టి చూడగా మంచిరేకు ఖంగుమనును. చెడినది మందముగా పలుకును. చెడినదానినంతను కోసివేయవలెను. కోతమూలలు గుండ్రముగా నుండవలెను. వాడిమూలనుండి చీలిక బయలుదేరును. దళసరి కాగితముపై అచ్చు తీసి, అంతే మందముగల క్రొత్తరేకును కోసి వంచవలెను. అంచుపై అంచు వేయక, అంచునకు అంచు చేర్చుట మేలు. ఒకదానిపై నొకటి వేసినచో నడుమ నీరు నిలిచి మరల త్రుప్పు పట్టును.

ఇక అతుకుట. ఎసిటిలీన్ ఆమ్లజనుల మంట సుమారు 3,100 డిగ్రీల వేడి గలది; ఉక్కు సుమారు 1,500 డిగ్రీలకే కరగును. రేకు మందమో ఒక మిల్లీమీటరు ప్రాంతము. మీటరు పొడవు ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కినచో 1.2 మిల్లీమీటర్లు పెరుగును. ఒక కొననుండి మరియొక కొనకు ఏకధాటిగా అతికినచో వేడెక్కినచోటు పెరుగజూచును. చుట్టునున్న చల్లని రేకు దానిని పెరుగనీయదు. అది నలిగి, చల్లారునపుడు మునుపటికంటె కురుచయై, రేకునంతను లాగి వంకరచేయును. అందుచే మొదట మూలలందు, పిదప మూడేసి సెంటీమీటర్ల కొకటి చొప్పున చుక్కలవలె అతికి, ఇక్కడ కొంత అక్కడ కొంతగా, చల్లారనిచ్చుచు సందులు పూరింతురు. కురుచయైన అతుకుక్రింద ఇనుపదిమ్మ నానించి పైన సుత్తితో మెల్లగా కొట్టినచో అది సాగి సమమగును.

తరువాత ఆకురాయితో పైపైన రుద్దవలెను. ఎత్తైనచోట మెరుపును, పల్లమున నలుపును కనబడును. కన్నులు మూసి అరచేతితో తడిమినచో కంటికందని మిట్టపల్లములు తెలియును. ఎక్కువ రుద్దినచో రేకు పలుచనై అతుకు బలము పోవును. మిగిలిన సన్నపు పల్లమును పూర్వము సీసము, తగరము కలిపిన లోహముతో నింపెడివారు. ఆ మిశ్రమము సుమారు 180 మొదలు 250 డిగ్రీలవరకు వెన్నవలె నుండుటచే కొయ్యపలకతో దానిని దిద్దవచ్చును. సీసపు ధూళి విషము గనుక నేడు పలుచని పుట్టీనే ఎక్కువగా వాడుదురు. చివరకు అతుకు లోపలివైపునను రంగు పూయవలెను. నీరు కారుటకు విడిచిన రంధ్రములను మాత్రము మూయరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. కామాఠీపురాకు ఆ పేరు, 18వ శతాబ్ది చివరినుండి తెలంగాణమునుండి వచ్చి ఈ నగర నిర్మాణమున శ్రమించిన కామాఠీలవలన కలిగినది. చేతిపని మనకు చిన్నతనము కాదు. కాని పదునాలుగేండ్లలోపు పిల్లలను కార్ఖానాలలో పనికి పెట్టుట చట్టము నిషేధించినది. చదువు ముగిసినపిదప పారిశ్రామిక శిక్షణాలయములలో ఈ విద్యను క్రమముగా నేర్వవచ్చును. నల్లకళ్ళజోడు లేక మంటవంక చూచినవాడు కన్నులు పోగొట్టుకొనును. జస్తాపూత రేకును కాల్చిన పొగ జ్వరము తెప్పించును. పెట్రోలుతొట్టి దగ్గర మంట వెలిగించుట మృత్యువును పిలుచుటయే. ఆమ్లజని సిలిండరు మరలకు నూనె తగులరాదు. ఇవి కంఠస్థము చేయు నియమములు మాత్రమే గావు. ఎందుకో తెలిసినవాడు, యజమాని తొందరపెట్టినను వీనిని తప్పడు. మాతృభాషలో మనము శాస్త్రము చదువుట అందుకొరకే.

విద్యార్థులు ఇంట చేయదగిన పరీక్ష: మూడు గ్లాసులు తీసికొని, ఒకదానిలో పొడిమేకును, రెండవదానిలో మంచినీటిలో సగము మునిగిన మేకును, మూడవదానిలో ఉప్పునీటిలో సగము మునిగిన మేకును ఉంచుడు. వారము దినములు చూచి, ఏది ముందు త్రుప్పు పట్టెనో, ఎందుచేతనో వ్రాయుడు.