ఆర్థిక కూటములు - మారిషస్ చక్కెర

కొన్ని దేశములు కూడి తమలో తాము దిగుమతి సుంకములను తీసివేసికొని, బయటి సరుకుపై మాత్రము అందరును ఒకే సుంకమును విధించినచో, దానిని సుంకముల కూటమి యందురు. లోపలి వర్తకులకు అది తెరచిన వాకిలి, వెలుపలివారికి గోడ. పెద్ద దేశమునకు సొంత విపణియే విశాలము గావున ఆ నష్టమును కొంత తట్టుకొనగలదు. చిన్న దేశమునకు అట్టి వీలు లేదు. ఇందుకు మారిషస్ చక్కని నిదర్శనము.

మారిషస్ హిందూ మహాసముద్రములోని చిన్న దీవి. వైశాల్యము సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు. 1834 మొదలు కూలి ఒడంబడికలపై భారతీయులెందరో అచటి చెరకు తోటలకు పోయిరి. యానామునకు చేరువనున్న కోరంగి రేవున ఓడ యెక్కిన తెలుగువారును వారిలో కలరు.

ఆ దీవి చక్కెరను ముఖ్యముగా కొనుచుండినది బ్రిటను. 1951 నాటి కామన్‌వెల్తు చక్కెర ఒడంబడిక వలన ధరకు నిలుకడ యుండెను. 1973లో బ్రిటను ఐరోపా ఆర్థిక సమాజమున చేరెను. ఆ సమాజము తన బీటుదుంపల రైతులను కాపాడుటకై బయటి చక్కెరపై హెచ్చు సుంకము వేయుచుండెను. తన ప్రమేయము లేకయే మారిషస్ పాత విపణి గోడ లోపలికి పోయెను.

1975లో లోమే నగరమున కుదిరిన ఒప్పందము ఆ గోడకు ఒక వాకిలి పెట్టెను. ఏటా సుమారు 5 లక్షల టన్నుల మారిషస్ చక్కెరను సుంకము లేక, హామీ ధరకు కొనుటకు ఐరోపా సమ్మతించెను. పెక్కేండ్లు ఆ ధర ప్రపంచపు ధర కంటె మిక్కిలి హెచ్చుగా నుండెను.

అయితే ఆ వాకిలిని మూయుటయు ఇచ్చినవారి చేతిలోనే యుండెను. బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండుల ఫిర్యాదుపై, ఐరోపా చక్కెర ఎగుమతుల సహాయము నియమవిరుద్ధమని 2005లో ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పు చెప్పెను. 2006 మొదలు నాలుగేండ్లలో ధరను 36 శాతము తగ్గించుటకు ఐరోపా నిర్ణయించెను. 2009లో పాత హామీయే ముగిసెను. మారిషస్‌లో పెక్కు మిల్లులు మూతపడెను. వేలకొలది కార్మికులు పని విడువవలసి వచ్చెను.

దీవి మునిగిపోకుండుటకు కారణము ముందుచూపు. ధర బాగున్న కాలముననే, 1970 నాటి చట్టము నాధారము చేసికొని ఎగుమతులకై బట్టల పరిశ్రమను పెంచెను. యాత్రికుల రాకకు వసతులు కల్పించెను. చెరకు పిప్పితో విద్యుత్తు తీయ నేర్చెను. ఆఫ్రికా దేశముల కూటములలో తానును చేరెను. 2021లో భారతదేశముతో వాణిజ్య ఒప్పందము అమలులోనికి వచ్చెను.

ఒకే పంటను, ఒకే కొనుగోలుదారును నమ్మిన దేశమునకు ఒరుల నిర్ణయమే విధి యగును. అనుకూల కాలమున వేరు దారులు వేసికొన్న దేశమునకు నష్టము కలిగినను నాశము కలుగదు. భూగోళ పటములో మారిషస్ ఒక చుక్క. పిల్లలకు ఆ చుక్కను చూపునప్పుడు, దాని వెనుకనున్న ఈ లెక్కను కూడ తల్లిదండ్రులు చెప్పుట మేలు.