మొదటి గేమ్ ఓడిపోయారా? ఇంకా పది ఉన్నాయి

2024 డిసెంబర్. న్యూయార్క్‌లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ చెస్ ఛాంపియన్‌షిప్. మొత్తం 11 రౌండ్లు. మొదటి రౌండ్‌లోనే కోనేరు హంపి ఓడిపోయారు.

అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. ఇంట్లో ఏడేళ్ల పాప. ఆ ఏడాది కొన్ని టోర్నీలు కలిసిరాలేదు. ఆట మానేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చిందట. రెండు వారాల ముందే 18 ఏళ్ల గుకేశ్ వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. ఇక చెస్ కుర్రకారుదే అని అందరూ ఫిక్స్ అయిపోయారు.

మూడో రోజుకి టైటిల్ ఎవరిది? హంపిదే! 11కి 8.5 పాయింట్లు. రెండో రోజు వరుసగా నాలుగు గేములు గెలిచారు. ఆఖరి రౌండ్‌లో నల్లపావులతో ఇండోనేషియా క్రీడాకారిణి ఐరీన్ సుకందర్‌ని ఓడించారు. 2019లో మాస్కోలో గెలిచిన టైటిల్‌నే మళ్లీ పట్టేశారు. ఆ మాస్కో గెలుపు కూడా ప్రసవం, సుదీర్ఘ విరామం తర్వాత వచ్చిందే!

ఇప్పుడు మీ సంగతి. మీరు కామారెడ్డిలో షాపు నడుపుతుండొచ్చు. ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సెక్కి డ్యూటీకి వస్తుండొచ్చు. "ఈ వయసులో మనకేం వస్తదిలే" అనే మాట నోటికి వస్తోందా? ఈ రోజుతో బంద్ చేయండి.

ఓటమికి టైమ్ లిమిట్ పెట్టండి. ఆ ఛాంపియన్‌షిప్‌లో గేముకి చేతిలో ఉండేది 15 నిమిషాలు, ఎత్తుకి మరో 10 సెకన్లు. పోయిన గేము గురించి కూర్చుని ఏడిస్తే వచ్చే గేము కూడా పోతుంది. డిపార్ట్‌మెంటల్ టెస్ట్ ఫెయిలయ్యారా? ఎక్కడ తప్పారో ఒక్క లైను రాసుకోండి. కాగితం మడవండి. రాత్రికి పుస్తకం తెరవండి.

వయసుతో ఏది తగ్గిందో దానికే ట్రైనింగ్ ఇవ్వండి. ఇది చాలామంది వదిలేసే పాయింట్. గోల్ఫర్ ఫిల్ మికెల్సన్ 2021 మేలో, 50 ఏళ్ల వయసులో పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. గోల్ఫ్ మేజర్ గెలిచినవాళ్లలో అందరికంటే పెద్దవాడు అతనే. అంతకుముందు రికార్డు 1968లో 48 ఏళ్లకు గెలిచిన జూలియస్ బోరోస్‌ది. మికెల్సన్ తన బలహీనతను సరిగ్గా పట్టుకున్నాడు: ఆట చివరిదాకా ఫోకస్ నిలవడం లేదు. రౌండుకి 18 హోల్స్. ప్రాక్టీసులో ఒక్కోరోజు 36, 45 హోల్స్ ఆడాడు, ప్రతి షాట్ మీదా మనసు పెట్టి. ఆ తర్వాత 18 తేలికయ్యాయి.

మీరూ అదే చేయండి:

1. గంట పరీక్షకు రెండు గంటలు కూర్చోవడం అలవాటు చేయండి. మొదటి వారం 40 నిమిషాలు చాలు.
2. ఫోన్ పక్క గదిలో. సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకుంటే లెక్కలోకి రాదు.
3. నిద్ర తగ్గించుకుని చదవొద్దు.

మళ్లీ హంపి దగ్గరికి వద్దాం. 2025 జులైలో బటూమిలో మహిళల చెస్ వరల్డ్ కప్ ఫైనల్లో 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్ చేతిలో హంపి ఓడిపోయారు. గమనించండి, 38 ఏళ్లకు ఆమె ఉన్నది ఫైనల్లో! తన వయసులో సగమే ఉన్న పిల్లతో పోటీపడటానికి ఆమె వెనకాడలేదు.

మీరు చదువుతుంటే మీ పిల్లలు నవ్వుతారా? నవ్వనివ్వండి. టైమర్ వాళ్ల చేతికే ఇచ్చి, ప్రశ్నలు వాళ్లనే అడగమనండి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.